ఎటు వెళతావు? కొరియాలో యుద్ధఖైదీల దారి వెంట

కొరియా యుద్ధం 1950 జూన్ 25న మొదలై 1953 జూలై 27న ఆగింది. అయితే ఇరుపక్షాల (ఒకవైపు ఉత్తర కొరియా, చైనా; మరోవైపు దక్షిణ కొరియా, అమెరికా నడిపిన ఐక్యరాజ్యసమితి సేనలు) సైన్యాల మధ్య గీత ఎక్కడ గీయాలన్న విషయం మీద 1951 నవంబరు చివరికే దాదాపు ఒప్పందం కుదిరింది. ఆ తర్వాత కూడా మరో ఇరవై నెలలు జనం చస్తూ ఉండడానికి ప్రధాన కారణం భూమి కాదు, యుద్ధఖైదీలు. పట్టుబడిన సైనికుణ్ణి అతని ఇష్టంతో నిమిత్తం లేకుండా స్వదేశానికి అప్పగించాలా, లేక ఎటు వెళతావని అడిగి పంపాలా అన్న ఒక్క ప్రశ్న దగ్గర సంధి చర్చలు బిగుసుకుపోయాయి. ఆ ముడి విప్పడానికి చివరకు పిలిచింది మన దేశపు సైన్యాన్నే.

డిగ్రీ కళాశాలలో చరిత్ర చెప్పిన కాలమంతా నేను ఈ సంగతిని రెండు వాక్యాల్లో దాటేసేవాణ్ణి. సిలబస్‌లో దానికి అంతకంటే చోటు లేదు. మా మేనల్లుడు దక్షిణ కొరియాలోని సువోన్‌లో ఇంజనీరుగా చేరాక, ఒకసారి వచ్చి చూసిపొమ్మని పట్టుబట్టాడు. రాజభవనాలూ షాపింగ్ వీధులూ వద్దు, ఖైదీలు నడిచిన దారిలో దక్షిణం నుంచి ఉత్తరానికి వెళదామన్నాను. అక్టోబరు చివరి వారంలో అలాగే బయలుదేరాం.

మంగళవారం, బూసాన్

ప్రచ్ఛన్న యుద్ధం అనగానే మనకు బెర్లిన్ గోడా, వాషింగ్టన్, మాస్కోల మధ్య క్షిపణుల లెక్కలూ గుర్తొస్తాయి. ఆ యుద్ధం ఏమాత్రం ప్రచ్ఛన్నంగా లేని చోట ఎలా ఉండేదో తెలియాలంటే బూసాన్ కొండల మీద తిరగాలి. 1945 ఆగస్టులో, అప్పటిదాకా కొరియాను పాలిస్తున్న జపాన్ లొంగిపోతున్న వేళ, డీన్ రస్క్, చార్లెస్ బోన్‌స్టీల్ అనే ఇద్దరు అమెరికన్ కల్నళ్లు అర్ధరాత్రి ఒక పత్రిక వాళ్లు ముద్రించిన పటం ముందు పెట్టుకుని, 38వ అక్షాంశానికి ఉత్తరాన సోవియట్ సైన్యం, దక్షిణాన అమెరికన్ సైన్యం ఉండాలని ప్రతిపాదించారు. అదేమీ దేశ విభజన కాదనీ, జపాన్ సైనికుల లొంగుబాటు స్వీకరించడానికి చేసిన తాత్కాలిక ఏర్పాటు మాత్రమేననీ అప్పట్లో అనుకున్నారు. 1948 వచ్చేసరికి ఆ గీతకు దక్షిణాన సింగ్మన్ రీ ప్రభుత్వం, ఉత్తరాన కిమ్ ఇల్ సుంగ్ ప్రభుత్వం వెలిశాయి. మొత్తం కొరియాకు తామే అసలైన ప్రభుత్వమని రెండూ ప్రకటించుకున్నాయి. 1950 జూన్‌లో ఉత్తర సైన్యం గీత దాటిన మూడు రోజులకే సియోల్ పడిపోయింది. ఆగస్టు నాటికి దక్షిణ ప్రభుత్వానికి మిగిలింది ఈ ఆగ్నేయపు మూల మాత్రమే. బూసాన్ తాత్కాలిక రాజధాని అయింది. ఉన్న జనానికి తోడు లక్షల మంది కాందిశీకులు ఇక్కడి కొండల మీదికి ఎక్కారు.

అమిదాంగ్ అనే పేట వాళ్లు కట్టుకున్నదే. జపాన్ పాలనలో అక్కడ జపనీయుల శ్మశానం ఉండేది. తలదాచుకోవడానికి జాగా దొరకని కాందిశీకులు సమాధుల మీదే ఇళ్లు లేపారు. సమాధి రాళ్లను పునాదికీ మెట్లకీ గోడకీ వాడుకున్నారు. ఇరుకు సందులో ఒక ఇంటి గోడ అడుగున, సిమెంటు పూతకు కింద, జపనీస్ అక్షరాలు చెక్కిన రాయి ఇప్పటికీ స్పష్టంగా కనిపిస్తుంది. దాని పక్కనే గ్యాసు మీటరు, ఆ పక్కనే ఎండబెట్టిన ఎర్ర మిరపకాయలు. ఆ ఇంట్లో ఇంకా మనుషులు కాపురం ఉంటున్నారు కాబట్టి ఫోటో తీయడానికి నాకు చెయ్యి రాలేదు.

మధ్యాహ్నం ఐక్యరాజ్యసమితి స్మారక శ్మశానానికి వెళ్లాం. ప్రపంచంలో సమితి పేరిట ఉన్న సైనిక శ్మశానం ఇదొక్కటే. సుమారు 2,300 మంది ఇక్కడ నిద్రిస్తున్నారు. వారిలో బ్రిటిష్, తుర్కీ సైనికులు ఎక్కువ, అమెరికన్ల మృతదేహాలను చాలావరకు వాళ్ల దేశానికే తీసుకెళ్లారు. సమాధులకూ పచ్చికకూ మధ్యన ఒక సన్నని నీటి కాలువ పారుతుంది. ఇక్కడ ఖననమైన వారిలో అతి చిన్నవాడైన 17 ఏళ్ల ఆస్ట్రేలియా సైనికుడు డాంట్ పేరు దానికి పెట్టారు.

ఈ సైన్యాలు సమితి జెండా కింద రాగలగడం వెనుక ఒక విచిత్రమైన కారణం ఉంది. చైనా స్థానాన్ని బీజింగ్‌లోని కమ్యూనిస్టు ప్రభుత్వానికి ఇవ్వలేదన్న నిరసనతో సోవియట్ ప్రతినిధి ఆ నెలల్లో భద్రతామండలిని బహిష్కరించాడు. వీటో వేయాల్సిన మనిషి గదిలో లేకపోవడంతో తీర్మానాలు గట్టెక్కాయి. భారతదేశం దాడిని ఖండించింది గానీ పోరాడే సైన్యాన్ని పంపలేదు. 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్ అనే వైద్య దళాన్ని పంపింది. 1950 నవంబరులో ఆ దళం దిగింది ఈ బూసాన్ రేవులోనే. నగరపు దక్షిణ కొసన తేజాంగ్దే కొండ దగ్గర వైద్య సహాయం చేసిన దేశాల స్మారకం ఉంది, అందులో మన దేశం పేరు కూడా ఉంది. పొద్దు వాలుతుండగా చేరాం. మేము తప్ప దాని ముందు ఆగినవారు లేరు, అందరూ దీపస్తంభం వైపు నడిచిపోతున్నారు.

బుధవారం, గోజే దీవి

బూసాన్ నుంచి గోజేకు 2010లో తెరిచిన వంతెన, సముద్రగర్భ సొరంగం మీదుగా గంటలో చేరవచ్చు. ఒకప్పుడు ఖైదీలను ఇక్కడికి తేవడానికి కారణమే ఇది చుట్టూ నీళ్లున్న దీవి కావడం. పశ్చిమ తీరపు రేవు ఇంచాన్ దగ్గర 1950 సెప్టెంబరు 15న అమెరికన్ సేనలు దిగి ఉత్తర సైన్యానికి వెనుక దారి మూసేశాక, ఖైదీల సంఖ్య ఒక్కసారిగా లక్ష దాటింది. 1951 మొదట్లో గోజేలో పొలాలు ఖాళీ చేయించి శిబిరం కట్టారు. ఒక దశలో ఇక్కడ సుమారు 1,70,000 మంది ఉండేవారు. వారిలో సుమారు 20,000 మంది చైనా వాళ్లు, మిగిలినవారు కొరియన్లు.

గోహ్యాన్ పట్నంలో ఆ స్థలంలో కొంత భాగాన్ని ఇప్పుడు పార్కుగా మార్చారు. నాకది మింగుడుపడలేదు. ముళ్లకంచె వెనుక ప్లాస్టర్ బొమ్మలు, స్పీకర్లలో తుపాకీ మోతలు, వరసగా గొంతుకూర్చున్న ఖైదీ బొమ్మల మరుగుదొడ్డి ముందు సెల్ఫీలు, కొండ మీదికి మోనోరైలు. పిల్లల్ని ఆడించడానికి బాగానే ఉంటుంది. ఆ హంగుల మధ్య అసలైనవి అంటూ మిగిలినవి కొన్ని రాతి గోడల మొండేలు మాత్రమే. అయితే ఒక గదిలో పెట్టిన పాత ఛాయాచిత్రాల దగ్గర మాత్రం ఎంతసేపైనా నిలబడాలనిపిస్తుంది.

ఈ శిబిరంలో జరిగింది ముళ్లకంచె లోపల నడిచిన రెండో కొరియా యుద్ధం. కాపలా సైనికులు బయట ఉండేవారు; రాత్రయ్యాక లోపలి ఆవరణలు ఖైదీల నాయకుల చేతుల్లోకి పోయేవి. కొన్ని ఆవరణలు కమ్యూనిస్టులవి. అక్కడ ప్రజా న్యాయస్థానాలు పెట్టి, అనుమానం వచ్చినవాణ్ణి చంపేసేవారు. కొన్ని కమ్యూనిస్టు వ్యతిరేకులవి. చైనా ఖైదీల్లో చాలామంది ఒకప్పుడు కమ్యూనిస్టులతో పోరాడిన చియాంగ్ కైషెక్ సైన్యంలో ఉండి, అంతర్యుద్ధంలో ఓడిపోయి, మావో సైన్యంలో కలపబడినవారు. ఆ ఆవరణల్లో చేతుల మీదా ఛాతీ మీదా కమ్యూనిజాన్ని, రష్యాను వ్యతిరేకించాలనే నినాదాలు పచ్చబొట్లు పొడిచారు. ఇష్టపడి పొడిపించుకున్నవాళ్లు ఉన్నారు, పట్టుకుని పొడిచినవాళ్లూ ఉన్నారు. ఒంటి మీద ఆ అక్షరాలతో స్వదేశానికి వెళితే ఏమవుతుందో ఎవరికైనా తెలుసు. ఎటు వెళతావన్న ప్రశ్న అధికారికంగా అడగడానికి ముందే చాలామంది చర్మం మీద జవాబు రాసేశారు.

1949 జెనీవా ఒప్పందపు 118వ అధికరణం ప్రకారం పోరాటం ముగియగానే ఖైదీలందరినీ ఆలస్యం లేకుండా విడిచి, స్వదేశానికి పంపాలి. ఉత్తర కొరియా, చైనా దానినే పట్టుకున్నాయి. ఇష్టం లేనివాణ్ణి బలవంతంగా పంపేది లేదని అధ్యక్షుడు ట్రూమన్ పట్టుబట్టాడు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సోవియట్ ఖైదీలను బలవంతంగా అప్పగించినప్పుడు వారికి పట్టిన గతి అమెరికన్లకు గుర్తుంది కాబట్టి అందులో మానవత్వం లేకపోలేదు. కమ్యూనిస్టు సైనికులే కమ్యూనిజంలోకి తిరిగి వెళ్లనంటున్నారని ప్రపంచానికి చాటుకోవడం కూడా అందులో ఉంది. నా దృష్టిలో ఈ రెంటినీ విడదీయడం సాధ్యం కాదు. విడదీసి చెప్పేవాళ్లు ఏదో ఒక పక్షం వాళ్లే అయి ఉంటారు.

1952 ఏప్రిల్‌లో ఖైదీలను ఒక్కొక్కరిగా పిలిచి అడిగితే, తిరిగి వెళతామన్నవాళ్లు సుమారు 70,000 మందే తేలారు. ఆ సంఖ్య విని కమ్యూనిస్టు పక్షం నివ్వెరపోయింది. ఆ పరిశీలనకే ఒప్పుకోని 76వ ఆవరణ ఖైదీలు, మే 7న మాట్లాడడానికి గేటు దగ్గరికి వచ్చిన శిబిరాధికారి బ్రిగేడియర్ జనరల్ ఫ్రాన్సిస్ డాడ్‌ను లోపలికి లాక్కుపోయారు. అతణ్ణి విడిపించడానికి అతని స్థానంలో వచ్చిన జనరల్ కోల్సన్ ఒక పత్రం రాసి సంతకం పెట్టాడు. ఖైదీల రక్తం చిందిన మాట నిజమేనని, ఇకపై మానవత్వంతో చూస్తామని, బలవంతపు పరిశీలన ఉండదని అందులో ఉంది. అది ప్రపంచమంతటా ప్రచురితమైంది. ఇద్దరినీ కల్నల్ హోదాకు దించారు. జూన్ 10న జనరల్ బోట్‌నర్ ట్యాంకులతోనూ 187వ పారాచూట్ రెజిమెంట్‌తోనూ ఆ ఆవరణలోకి చొరబడి దాన్ని చెదరగొట్టాడు. ముప్పై మందికి పైగా ఖైదీలు చనిపోయారు.

ఇదే దీవికి 1950 క్రిస్మస్ నాడు మరో రకం జనం వచ్చారు. చైనా సైన్యం ముంచుకొస్తుండగా ఉత్తరాన హంగ్నమ్ రేవు నుంచి మెరెడిత్ విక్టరీ అనే సరుకు ఓడ 14,000 మంది కాందిశీకులను ఎక్కించుకుని ఇక్కడ దించింది. దారిలో అయిదుగురు పిల్లలు పుట్టారు. ఆ ఓడలో వచ్చిన ఒక దంపతులకు తర్వాత గోజేలో పుట్టిన మూన్ జే ఇన్ 2017లో దేశాధ్యక్షుడయ్యాడు.

గురువారం, దేగు మీదుగా సియోల్‌కు

దేగులో రైలు దిగింది ఒకే ఒక పని మీద. బొమోదాంగ్ అనే పేటలో కల్నల్ ఉన్ని నాయర్ స్మారకం ఉంది. కేరళకు చెందిన ఆయన కొరియా మీద సమితి వేసిన కమిషన్‌లో భారత ప్రతినిధిగా ఉండేవారు. 1950 ఆగస్టు 12న, బూసాన్ చుట్టూ పోరు ఉధృతంగా ఉన్న రోజుల్లో, వేగ్వాన్ దగ్గర జీపు కింద మందుపాతర పేలి, తోడున్న ఇద్దరు బ్రిటిష్ విలేకరులతో పాటు మరణించారు. చాలా ఏళ్ల తర్వాత ఆయన భార్య చితాభస్మాన్ని కూడా తెచ్చి ఇక్కడే ఉంచారు. చుట్టూ అపార్టుమెంట్లు పెరిగిపోయిన చోట, గుట్ట వాలు మీద, శుభ్రంగా ఊడ్చిన చిన్న ఆవరణ అది. మన వైద్య దళంలో ఒక భాగం ఈ నగరంలోనే ఆసుపత్రుల్లో పౌరులకు సేవ చేసింది.

రైలులో మా వాడు అడిగాడు: "మామయ్యా, అప్పుడు మన దేశం ఎవరి పక్షం?" అదే అప్పట్లో రెండు పక్షాలూ కోపంగా అడిగిన ప్రశ్న. 38వ అక్షాంశం దాటి అమెరికన్లు ఉత్తరానికి వస్తే చైనా ఊరుకోదని 1950 అక్టోబరు 3 తెల్లవారుజామున చైనా ప్రధాని చౌ ఎన్‌లై మన రాయబారి కె.ఎం. పణిక్కర్‌ను పిలిపించి చెప్పాడు. ఢిల్లీ ఆ మాటను వెంటనే చేరవేసింది. పణిక్కర్ చైనా వైపు మొగ్గే మనిషని వాషింగ్టన్ దాన్ని కొట్టిపారేసింది. ఆ నెలలోనే చైనా సైన్యం సరిహద్దులోని యాలూ నది దాటి కొరియాలోకి వచ్చింది. రెండేళ్ల తర్వాత ఖైదీల సమస్యకు పరిష్కారంగా, తిరిగి వెళ్లనన్నవారిని తటస్థ దేశాల కమిషన్‌కు అప్పగించాలని కృష్ణ మేనన్ సమితిలో తీర్మానం పెడితే, ఈసారి ఎగతాళి చేయడం సోవియట్ ప్రతినిధి విషిన్‌స్కీ వంతయింది. 1952 డిసెంబరులో సమితి ఆ తీర్మానాన్ని ఆమోదించింది. 1953 మార్చిలో స్టాలిన్ చనిపోయాక, తిట్టినవాళ్లే దాదాపు ఆ పద్ధతికే ఒప్పుకున్నారు. మా వాడికి ఇదంతా చెప్పేసరికి సియోల్ వచ్చేసింది.

శుక్రవారం, సియోల్

యోంగ్సాన్‌లోని యుద్ధ స్మారక భవనం చాలా పెద్దది. ఒక పూటలో చూడడం కుదరదు. బయట మైదానంలో చీలిన గుమ్మటం మీద ఇద్దరు అన్నదమ్ముల విగ్రహం ఉంది. అన్న దక్షిణ సైన్యంలో అధికారి, తమ్ముడు ఉత్తర సైన్యంలో సిపాయి. యుద్ధరంగంలో ఎదురుపడి కౌగిలించుకున్నారు. నిజంగా జరిగిన సంఘటన ఆధారంగా చేసినదే. శిల్పం బాగుంది గానీ అన్న నిలువెత్తున ఉండి తమ్ముడు అతని గుండెల్లో ముఖం దాచుకోవడంలో, ఎవరు ఎవరిని క్షమించారన్నది శిల్పి ముందే తేల్చేశాడనిపించింది.

లోపల ఖైదీల సంగతి కొద్దిగానే ఉంది. సింగ్మన్ రీ చేసిన పని గురించి మాత్రం ఉంది. తన దేశం ముక్కలుగా మిగిలిపోయే సంధి తనకు అక్కర్లేదన్న రీ, ఒప్పందం సంతకాల దాకా వచ్చిన సమయంలో, 1953 జూన్ 18న అర్ధరాత్రి దాటాక శిబిరాల తలుపులు తెరిపించి సుమారు 27,000 మంది కమ్యూనిస్టు వ్యతిరేక కొరియన్ ఖైదీలను వదిలేయించాడు. వాళ్లు ఊళ్లలో కలిసిపోయారు. వాషింగ్టన్‌లో కొత్త అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ మండిపడ్డాడు. అయినా ఆ మొండితనం రీకి గిట్టుబాటైంది: ఒప్పందానికి అడ్డురాకుండా ఉండేందుకు అమెరికా రక్షణ హామీ ఇవ్వాల్సి వచ్చింది. ఆ పరస్పర రక్షణ ఒప్పందం మీద 1953 అక్టోబరు 1న వాషింగ్టన్‌లో సంతకాలయ్యాయి. సరిగ్గా ఆ రోజునే కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. మన పత్రికలకు ఆ రోజు కొరియా గుర్తుండి ఉంటుందని అనుకోను.

శనివారం, చోర్వాన్

మా వాడి కారులో ఈశాన్యంగా రెండు గంటల ప్రయాణం. చోర్వాన్ మైదానం వరికి పేరు పొందింది. మేము వెళ్లేసరికి కోతలైపోయి, తెల్లని ప్లాస్టిక్ చుట్టిన గడ్డి ఉండలు పొలాల్లో వరసగా ఉన్నాయి. ఈ ఊరు 38వ అక్షాంశానికి ఉత్తరాన ఉంది కాబట్టి యుద్ధానికి ముందు ఉత్తర కొరియాది. 1946లో ఉత్తర పాలకులు ఇక్కడ కార్మిక పార్టీ కార్యాలయం కోసం రష్యన్ తరహాలో మూడంతస్తుల భవనం కట్టారు. చుట్టుపక్కల పట్నమంతా నేలమట్టమైనా దాని ముందు గోడలు నిలిచాయి. తూటాల గుంతలు, ట్యాంకు ఎక్కిన మెట్ల మీద అరిగిన గాట్లు దగ్గరగా కనిపిస్తాయి. లోపలికి అడుగుపెట్టకుండా ఇనుప చట్రాలు నిలబెట్టారు. ఇక్కడ పార్టీకి ఎదురుతిరిగినవాళ్లను హింసించారని బోర్డు చెబుతుంది. ఆ తర్వాత దక్షిణ సైన్యం వచ్చినప్పుడు పార్టీకి పనిచేసినవాళ్లకు ఏమైందో ఆ బోర్డులో లేదు.

అక్కడికి కాస్త దూరంలో తెల్లగుర్రం కొండ. 1952 అక్టోబరు 6 నుంచి పది రోజుల్లో ఈ కొండ ఇరవైసార్లకు పైగా చేతులు మారింది. చైనా సైన్యానికీ దక్షిణ కొరియా 9వ డివిజన్‌కూ మధ్య పోరాటం. దీన్ని చూడడానికి నేను ప్రత్యేకంగా వచ్చిన కారణం తేదీలే. అక్టోబరు 8న, సంధి చర్చలు నడుస్తున్న పాన్‌మున్‌జామ్‌లో అమెరికన్ ప్రతినిధి జనరల్ హారిసన్ ఖైదీల విషయం తేలలేదని చర్చలను నిరవధికంగా ఆపి బయటికి నడిచాడు. అంటే ఒకవైపు పట్టుబడ్డ సైనికుడికి ఇష్టం ఉండాలా వద్దా అని బల్ల దగ్గర వాదిస్తున్న రోజుల్లోనే, ఇంకా పట్టుబడని వేలమంది సైనికులను ఇష్టం అడక్కుండా ఈ మట్టిదిబ్బ మీదికి తోలుతున్నారు. ఆ నేలంతా ఫిరంగి గుండ్లతో ఎంతగా పొడయిందంటే, పై నుంచి చూస్తే పడుకున్న తెల్ల గుర్రంలా కనిపించిందని ఆ పేరు వచ్చిందంటారు. స్మారకం దగ్గర కాలేజీ పిల్లలు ఒక బస్సులో వచ్చి, గంట మోగించి వెళ్లారు.

ఆదివారం, పాజు

పాన్‌మున్‌జామ్ చూడాలన్నదే ఈ యాత్రకు అసలు ఉద్దేశం. 2023 జూలైలో ఒక అమెరికన్ సైనికుడు సందర్శకుల గుంపులోంచి గీత దాటి ఉత్తరానికి పరుగెత్తాక అక్కడి పర్యటనలు ఆపేశారు. మాకు అవకాశం దొరకలేదు. దాని బదులు ఇమ్జింగాక్ నుంచి బయలుదేరే పర్యాటక బస్సు ఎక్కాం. పక్కనే మున్సాన్ పట్నం. 1951 మార్చి 23న అమెరికన్ 187వ రెజిమెంట్‌తో పాటు లెఫ్టినెంట్ కల్నల్ ఎ.జి. రంగరాజ్ నాయకత్వంలో మన వైద్య దళం వాళ్లు కొందరు పారాచూట్లతో దూకింది ఇక్కడే. తర్వాతి సంవత్సరం గోజేలో 76వ ఆవరణను బద్దలు కొట్టింది కూడా ఆ రెజిమెంటే.

ఇమ్జింగాక్‌లో తుప్పుపట్టిన రైలింజను ఉంది. దాని ఒంటి మీద వెయ్యికి పైగా తూటా గుర్తులు. ఆ పక్కన స్వేచ్ఛా వంతెన. 1953 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఉత్తరాన బందీలుగా ఉన్న 12,773 మంది దీని మీదుగా నడిచి దక్షిణానికి వచ్చారు. అదే సమయంలో 75,823 మంది అటు వెళ్లారు. వెళుతున్నవాళ్లలో చాలామంది అమెరికా ఇచ్చిన బట్టలనూ బూట్లనూ విప్పి రోడ్డు మీద విసిరేసి, పాటలు పాడుతూ వెళ్లారు. చూస్తున్న విలేకరుల కోసమా, అటువైపు ఎదురుచూస్తున్న అధికారుల కోసమా అన్నది ఎవరికి తోచినట్టు వారు చెప్పుకోవచ్చు.

బస్సు యూనిఫికేషన్ వంతెన ముందు ఆగింది. ఒక యువ సైనికుడు ఎక్కి పాస్‌పోర్టులు చూశాడు. 1998లో హ్యుందాయ్ స్థాపకుడు చుంగ్ జు యంగ్ రెండు విడతలుగా 1,001 పశువులను ఈ వంతెన మీదుగా ఉత్తరానికి తోలుకెళ్లాడు. ఆయన పుట్టిన ఊరు అటువైపే ఉంది, కుర్రతనంలో తండ్రి ఆవును అమ్మిన డబ్బుతో ఇల్లు విడిచి వచ్చాడు. ఆ సంస్థకు చెందిన కియా కార్ల కర్మాగారం మా పెనుకొండ దగ్గర పెట్టాక, అక్కడి రోడ్డు పక్క హోటళ్ల మీద కొరియన్ అక్షరాలు కూడా వచ్చాయి. 1978లో బయటపడిన మూడో సొరంగంలోకి శిరస్త్రాణాలు పెట్టుకుని దిగాం. మా వాడి తల రెండుసార్లు కొట్టుకుంది. ఉత్తర సైన్యం దాడి కోసం తవ్విందని దక్షిణ ప్రభుత్వం అంటుంది. బొగ్గు గని అని చూపడానికి గోడలకు నల్లరంగు పూశారు. అంతకు మించి అక్కడ ఆగి చూడవలసింది లేదు.

డోరా పరిశీలన కేంద్రంలో దుర్భిణి దగ్గర చాలాసేపు నిలబడ్డాను. నాలుగు కిలోమీటర్ల వెడల్పున, సుమారు 250 కిలోమీటర్ల పొడవున సాగే సైనికరహిత మండలం చెట్లతో నిండి ఉంది. దూరంగా ఉత్తరపు 160 మీటర్ల జెండా స్తంభం, దాని వెనుక కేసాంగ్ పట్నం. 2024 అక్టోబరులో ఉత్తర కొరియా ఈ వైపు రోడ్డును పేల్చేసింది. ఆ చెట్ల మధ్యనే, పాన్‌మున్‌జామ్‌కు దగ్గర్లో, 1953 సెప్టెంబరు నుంచి భారత సైనికుల శిబిరం హింద్ నగర్ ఉండేది.

తటస్థ దేశాల కమిషన్‌లో స్వీడన్, స్విట్జర్లాండ్, పోలండ్, చెకోస్లోవేకియా, భారత్ ఉన్నాయి. అధ్యక్షుడు జనరల్ కె.ఎస్. తిమ్మయ్య. ఖైదీలను కాపాడే బాధ్యత మేజర్ జనరల్ ఎస్.పి.పి. థోరాట్ నడిపిన భారత దళానిది. అందులో సుమారు 6,000 మంది ఉండేవారు. తన నేల మీద భారతీయ సైనికుడి అడుగు పడనివ్వనని రీ ప్రకటించడంతో, వాళ్లను ఇంచాన్ దగ్గర ఓడల మీద నుంచే హెలికాప్టర్లలో ఎక్కించి ఇక్కడికి చేరవేశారు. తిరిగి వెళ్లనన్న 22,604 మందిని దక్షిణ పక్షం అప్పగించింది. వారిలో 14,704 మంది చైనా వాళ్లు. అటునుంచి 359 మంది వచ్చారు, వారిలో 23 మంది అమెరికన్లు, ఒక బ్రిటిషర్.

అక్టోబరు 15న వివరణలు మొదలయ్యాయి. ఒక్కో గుడారంలో ఖైదీ స్వదేశానికి చెందిన అధికారులు, అయిదు తటస్థ దేశాల ప్రతినిధులు, పరిశీలకులు, దుబాసీలు. ఖైదీని ఒక్కణ్ణే తెచ్చి కూర్చోబెడతారు. అమ్మానాన్నలు ఎదురుచూస్తున్నారని, శిక్ష ఉండదని అధికారి చెబుతాడు. తర్వాత ఖైదీ రెండు దారుల్లో ఒకదాని గుండా నడవాలి: ఒకటి ఇంటికి, మరొకటి తిరిగి శిబిరానికి. చాలామంది కూర్చోవడానికే ఒప్పుకోలేదు. అరిచారు, ఉమ్మేశారు, కుర్చీలు విసిరారు. కొందరు మాట పెగలక చాలాసేపు నిలబడిపోయారు. శిబిరంలో పక్కవాళ్లకు భయపడి నిజం దాచినవాడికీ, నిజంగానే వెళ్లదలచుకోనివాడికీ తేడా ఆ గుడారంలో పోల్చుకోవడం మన సైనికుల పని. ఒకసారి ఖైదీలు ఒక భారతీయ మేజర్‌ను పట్టుకుంటే థోరాట్ స్వయంగా లోపలికి వెళ్లి, మాటలతోనే విడిపించారు. మరో సందర్భాల్లో కాల్పులు జరపాల్సి వచ్చి ఖైదీలు చనిపోయారు. అటు పెకింగ్ రేడియో, ఇటు సియోల్ పత్రికలు రెండూ మనవాళ్లను తిట్టాయి. గడువిచ్చిన 90 రోజుల్లో వివరణలు సాగిన రోజులు చాలా తక్కువ.

చివరకు 22,604 మందిలో ఇంటికి వెళతామన్నవారు 600 పైచిలుకు. మిగిలినవాళ్లను 1954 జనవరిలో విడిచిపెట్టారు. చైనా వాళ్లు సుమారు 14,000 మంది చియాంగ్ ప్రభుత్వం ఉన్న తైవాన్ చేరి అక్కడ వీరులుగా ఊరేగారు. స్వదేశానికి వెళ్లిన చైనా ఖైదీలు దశాబ్దాల పాటు అనుమానితులుగా బతికారు, పట్టుబడడమే నేరమైంది. ఆ 23 మంది అమెరికన్లలో చివరకు చైనాకు వెళ్లినవారు 21 మంది, వారిలో ఎక్కువమంది తర్వాతి సంవత్సరాల్లో ఒక్కొక్కరుగా తిరిగి వచ్చారు.

వీళ్లు కాక, రెండు దారులూ వద్దన్న 88 మంది ఉన్నారు. ఉత్తరానికీ దక్షిణానికీ, చైనాకూ తైవాన్‌కూ వెళ్లబోమని, ఏ పక్షానికీ చెందని దేశానికి పంపమని అడిగారు. 1954 ఫిబ్రవరిలో భారత సైనికులతో పాటు ఓడెక్కి మద్రాసులో దిగారు. కొన్నేళ్లలో ఎక్కువమంది బ్రెజిల్‌కూ అర్జెంటీనాకూ వెళ్లిపోయారు. కొద్దిమంది మాత్రం భారతదేశంలోనే ఉండి పని చూసుకుని స్థిరపడ్డారు. అప్పటికి భారతదేశం రెండు కొరియాలలో దేనితోనూ దౌత్య సంబంధాలు పెట్టుకోలేదు. ఆ పని 1973 డిసెంబరు 10న చేసింది, రెండింటితోనూ ఒకే రోజున.